యూరియా కట్ట ఎవరి చేతిలో, లెక్క ఎవరి ఖాతాలో?

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలంగాణ సహకార సంఘాల ముందు కనిపించిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లారక ముందే వరుసలు. నిలబడలేక చెప్పులు, రాళ్లు, ఆధార్ జిరాక్సులు వరుసలో పెట్టి పక్కన కూలబడిన మనుషులు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ అదే తీరు. దిగుమతులు తగ్గాయని, రామగుండం ఫ్యాక్టరీలో ఉత్పత్తికి ఆటంకాలు వచ్చాయని, కేంద్రం కోటా ఇవ్వలేదని, రాష్ట్రం ముందుచూపు లేకుండా పోయిందని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. పత్రికలు "రైతుల యూరియా కష్టాలు" అని రాశాయి.

ఆ వరుసల దగ్గర మేము వేసుకున్న ప్రశ్న వేరు. ఇక్కడ నిలబడ్డవాళ్లలో పాస్‌బుక్కు మీద ఫోటో ఎవరిది, చేతిలో జిరాక్సు ఎవరిది? ఈ రెండూ ఒకరే కాని సందర్భాలు తక్కువేమీ కాదు. ఆసామి ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. అతని పాస్‌బుక్కు జిరాక్సు పట్టుకుని కౌలుదారు నిలబడతాడు. కౌలుదారు చేనులో పని ఉంటే అతని దగ్గర కూలి చేసే మాదిగ పిల్లగాడు నిలబడతాడు. కట్ట మోసేది, చల్లేది, ఆ ఘాటు పీల్చేది వీళ్లే. రాసుకునేటప్పుడు మాత్రం ఆ కట్ట భూమి ఉన్నవాడి పేరున పడుతుంది.

మేము చదువుతున్నది నత్రజని ఎరువుల గురించి, వాటి నుంచి గాలిలోకి పోయే వాయువుల గురించి. మొదట్లో ఇది మట్టి శాస్త్రం అనుకున్నాం. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుల దాకా మిర్చి చేల వెంట తిరిగాక తెలిసింది, ఇది భూమి ఎవరిదన్న ప్రశ్న నుంచి విడదీయలేని విషయమని.

ముందు ఆ కట్టలో ఏముందో చూద్దాం. 2018 నుంచి యూరియా కట్ట 45 కిలోలు. అందులో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. మట్టిలో పడ్డాక సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ మార్పుల మధ్యలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా జారిపోతుంది. ఒకప్పుడు పళ్ల డాక్టర్లు నొప్పి తెలియకుండా రోగికి పీల్పించినది ఇదే. నవ్వు తెప్పించే వాయువని దానికి పేరు. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. ఓజోన్ పొరను కూడా తింటుంది.

ఐక్యరాజ్య సమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ వాడే సాధారణ గుణకం ప్రకారం, వేసిన నత్రజనిలో 1 శాతం ఈ వాయువుగా పోతుంది. ఒక కట్టకు లెక్క కడితే 325 గ్రాములు. వినడానికి చిన్నదే. 273తో గుణిస్తే దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. యూరియా కరిగినప్పుడు దానిలో ఉన్న కార్బన్ కూడా బయటికొస్తుంది, అది మరో 33 కిలోలు. ఫ్యాక్టరీలో సహజవాయువు మండించిన లెక్క, లారీ డీజిల్ లెక్క కలపకుండానే కట్టకు 120 కిలోల పైమాట. పైగా ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు మించి వాన పడే ఉష్ణమండల ప్రాంతాలకు 2019లో ఆ గుణకాన్ని 1.6 శాతానికి పెంచారు. భద్రాచలం ఏజెన్సీ ఆ కోవలోకే వస్తుంది.

ఇప్పుడు మిర్చి. ఉద్యాన శాఖ దృష్టిలో పచ్చిది కూరగాయ, ఎండినది సుగంధ ద్రవ్యం. ఏ పేరున పిలిచినా నత్రజనిని ఇంతగా తినే పంటలు మన దగ్గర తక్కువ. నీటి వసతి కింద మిర్చికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సిఫార్సు చేసేదే ఎకరాకు 120 కిలోల నత్రజని. వానాకాలం వరికి చెప్పేదానికి ఇది రెట్టింపు పైన. అంతా యూరియాగానే వేస్తే ఆరు కట్టలకు కాస్త తక్కువ. ఎకరాకు దాదాపు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, అంటే 260 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్లు. వరి పొలం నుంచి మీథేన్ వస్తుంది కాబట్టి మిర్చి వరికంటే చెడ్డదని ఎవరూ అనలేరు, మేమూ అనడం లేదు. చెప్పదలచినది ఒక్కటే: ఈ లెక్క సిఫార్సు దగ్గర ఆగిన చేనుది, అక్కడ ఆగే మిర్చి చేను మాకు అరుదుగా కనిపించింది.

2016 సంవత్సరానికి భారత ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి సమర్పించిన లెక్కల్లో మొత్తం ఉద్గారాల్లో వ్యవసాయం వాటా సుమారు 14 శాతం. అందులో దాదాపు అయిదో వంతు ఎరువులు వేసిన నేలల నుంచి. ప్రపంచవ్యాప్తంగా మనుషుల పనుల వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్ 1980 నుంచి 2020 మధ్య 40 శాతం పెరిగిందని గ్లోబల్ కార్బన్ ప్రాజెక్టు 2024లో చెప్పింది. ఆ పెరుగుదలలో ఇండియా, చైనాలది పెద్ద వాటా. "ఇండియా" అన్న ఆ ఒక్క ముద్దలో ఆసామి, కౌలుదారు, కూలి అందరినీ కలిపేస్తారు. అసలు పేచీ అక్కడే.

అంత యూరియా ఎందుకు వేస్తారు? "రైతుకు అవగాహన లేదు" అన్నది అధికారుల నోటి దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. మేము ఆ మాటను నమ్మడం మానేశాం. తాను దున్నే చేను తనకు ఒక్క ఏడాదికే ఉందని తెలిసిన మనిషి ఎలా ఆలోచిస్తాడో ఒకసారి చూడండి.

పశువుల పెంట తోలించినా, జనుము, జీలుగ చల్లి కలియదున్నినా ఆ సత్తువ మట్టిలో రెండు మూడేళ్లు ఉంటుంది. వచ్చే ఏడాది ఆ చేను తనదో కాదో తెలియని కౌలుదారు ఆసామి భూమికి సత్తువ ఎందుకు పోస్తాడు? పోసి భూమి బాగుపడితే ఆ సాకుతోనే కౌలు పెంచుతారు, లేదా ఇంకొకరికి ఇచ్చేస్తారు. కౌలు ముందే కట్టాలి. విత్తనం, పురుగుమందు, ఎరువు డీలరు దగ్గర అప్పు. కాయ ఖమ్మం మార్కెట్టుకు పోయాక ఆ అప్పు ముందు కోసుకుంటారు. ఈ లెక్కలో కౌలుదారుకు తన చేతిలో ఉన్న ఒకే ఒక్క అగ్గువ సరుకు యూరియా. కట్ట ధర 266 రూపాయల 50 పైసలు. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద పట్టు వదిలేసిన కేంద్రం యూరియా ధరను మాత్రం కదలనివ్వలేదు. డీఏపీ కట్ట 1350 రూపాయలు. చేను కాస్త పసుపు తిరిగిందంటే ఎవరి చేయి దేని మీదికి పోతుంది? యూరియా అతనికి ఎరువు మాత్రమే కాదు, బీమా కూడా. అసలు పంటల బీమా అతని పేరున ఉండదు కదా.

2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఈ బీమా ఎంత పనికొస్తుందో బయటపడింది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో మిర్చి పూత రాలిపోయింది. ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో వేలాది ఎకరాల చేలు పీకేశారు, దున్నేశారు. నత్రజని ఎక్కువైతే మొక్క మెత్తబడి రసం పీల్చే పురుగుకు విందవుతుంది, యూరియా తగ్గించండని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ మాట నిజమే. ఆ మాట వినాల్సింది ఎవరు? అప్పు ఇచ్చిన డీలరే సలహాదారు. ఏ చేనుకు ఏ మందు అన్నది చాలా ఊళ్లలో దుకాణం బల్ల దగ్గర తేలిపోతుంది. ఎక్కువ సరుకు పోతే లాభపడేవాడు తక్కువ వాడమని చెబుతాడా?

ఇక ధర. ఖమ్మం మార్కెట్టులో పొద్దున్నే జెండా పాట అవుతుంది, అక్కడ పలికిన ధర పత్రికల్లో వస్తుంది, చాలా బస్తాలకు ఆ ధర రాదు. ఇక్కడి తేజ రకం కాయ చైనా, థాయిలాండ్, మలేషియాల దాకా పోతుంది. 2017 ఏప్రిల్‌లో ధర కుప్పకూలినప్పుడు కడుపు మండిన రైతులు మార్కెట్ కార్యాలయం మీద విరుచుకుపడ్డారు. కేంద్రం క్వింటాకు 5000 రూపాయలిచ్చి కొంటామంది. కేసులు పెట్టి పదిమంది రైతులను జైలుకు పంపారు. మే నెలలో వాళ్ల చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. మిర్చి పండించినవాడి చేతికి బేడీ పడ్డ ఆ ఫోటోను ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ధర మీద పట్టు లేనివాడు దిగుబడి మీదే ఆశ పెట్టుకుంటాడు. ఇంకో రెండు క్వింటాళ్లు వస్తే గట్టెక్కుతానని ఇంకో కట్ట వేస్తాడు. ఆ కట్టలోని నత్రజనిలో సగం కూడా మొక్కకు అందదు. మిగిలింది గాలికి, నీటికి.

గాలికంటే ముందు అది చేతికి తగులుతుంది. పైపాటు మందు ఆడవాళ్లే ఎక్కువగా వేస్తారు. పాత చీర ముక్కను నడుముకు జోలెలా కట్టుకుని, అందులో యూరియా పోసుకుని, సాలు వెంట నడుస్తూ మొక్క మొదట్లో గుప్పెడు గుప్పెడు వేస్తారు. చేతికి తొడుగు ఉండదు. చెమటకు గుళికలు కరిగి గోళ్ల మూలలు ఒరిసిపోతాయి, జోలె తగిలిన చోట నడుము మండుతుంది. పదునున్న నేల మీద పైపైన చల్లిన యూరియా నుంచి అమ్మోనియా లేస్తుంది. వంగి పనిచేసే మనిషి ముఖానికి అది జానెడు దూరం. పురుగుమందు కొట్టేవాళ్ల గురించి కనీసం అప్పుడప్పుడైనా వార్త వస్తుంది. మందు చల్లే ఆడవాళ్ల గురించి అదీ లేదు, ఎందుకంటే యూరియా విషం కాదు. విషం కాదన్న మాట కూలి రేటు దగ్గర కూడా పనికొస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయంలో పనిచేసే దళితుల్లో దాదాపు 71 శాతం కూలీలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో దళితులవి దాదాపు 12 శాతం, సాగు విస్తీర్ణంలో 9 శాతం లోపు. ఎరువు ఎంత వేయాలో నిర్ణయించే చోట దళితులు లేరు, వేసే చోట అందరికంటే ఎక్కువ ఉన్నారు. మేము చదివిన ఉద్గారాల పరిశోధన పత్రాల్లో "రైతు" అన్న మాట వందలసార్లు వస్తుంది, కూలి ఒక్కసారి కూడా కనపడదు. మా మొదటి ప్రశ్నావళిలోనూ కనపడలేదని ఒప్పుకోవాలి. ఇంటి యజమానిని అడిగి "ఎకరాకు ఎన్ని కట్టలు" అని రాసుకున్నాం. అతను చెప్పిన సంఖ్యకూ, చల్లిన ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన సంఖ్యకూ పొంతన కుదరనప్పుడు గానీ మాకు బుద్ధి రాలేదు. ఆమె లెక్కే సరైనది, ఎందుకంటే ఖాళీ సంచులు ఆమె ఇంటికి పోతాయి.

నీటి సంగతి. పంట వాడుకోని నైట్రేట్ వానతో పాటు కిందికి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ నియమం. దాటితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు, ఒళ్లు నీలం తిరుగుతుంది. దేశంలో 440 జిల్లాల్లో భూగర్భజలాల్లో నైట్రేట్ పరిమితి దాటిన చోట్లున్నాయని, పరీక్షించిన నమూనాల్లో అయిదో వంతు అలాంటివేనని కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక చెప్పింది. ఊళ్లో అందరికీ ఒకే నీరు అనుకుంటాం. ఊరికి శుద్ధి చేసిన నీళ్ల డబ్బా కొనుక్కునే స్థోమత ఉంటుంది. పల్లపు చేల అంచున ఉన్న వాడకు చేతిపంపు ఉంటుంది. కాబట్టి నైట్రేట్‌కు కులం తెలియకపోయినా, వాడ ఎక్కడుందో తెలుసు.

ఇక అడవి అంచు. అసలు చిక్కు ఇక్కడే బిగుసుకుంటుంది.

గోదావరి ఒడ్డు నల్లరేగడి భూముల్లోకి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి మొదట పొగాకు, తర్వాత మిర్చి వేశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూమిని ఆదివాసీయేతరుడికి అమ్మడం, కౌలుకివ్వడం 1970 నాటి ఒకటో నెంబరు చట్టం ప్రకారం చెల్లదు. ఆ చట్టం ఆదివాసీల ప్రాణం, దాన్ని సడలించాలన్న ఏ వాదనతోనూ మాకు సంబంధం లేదు. కానీ చట్టం కాగితం మీద ఉండగా కౌలు నోటిమాటగా నడుస్తోంది. నోటిమాట కౌలుకు కాగితం ఉండదు, కాబట్టి సర్కారు లెక్కలో ఆ మిర్చి చేను వేసినవాడు లేడు. కోయ పట్టాదారు పేరున కట్టలు దిగుతాయి. చేలో మిర్చి ఇంకొకరిది. కాయ కోసేది ఇంకెవరో.

కోసేవాళ్లలో చాలామంది అడవి అవతలివాళ్లు. ఏటా మిర్చి కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి గొత్తికోయలు వేలల్లో ఇటు వస్తారు, చేల గట్ల మీద పాకలు వేసుకుంటారు. కూలీగా కాయే తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా గోదావరి తీరాన మిర్చి కోతకు వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పాప బీజాపూర్‌లోని ఇంటికి నడిచి పోతూ, మూడు రోజులు నడిచాక, ఊరు దగ్గర పడుతుండగా చనిపోయింది. తేజ మిర్చి ఎగుమతి ధర తెలిసినవాళ్లలో ఆ పాప సంగతి తెలిసినవాళ్లు ఎందరు?

అడవి అంచున ఉన్న దళితుల పరిస్థితి ఇంకోరకం చిక్కు. ఈ ఏజెన్సీలో మాల, మాదిగ, నేతకాని కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లను "ఇతర సంప్రదాయ అటవీ నివాసులు" అన్న గదిలో పెట్టింది. ఆ గది తలుపు తెరుచుకోవాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్లు రుజువు చూపాలి. వెట్టి చేసిన తాతకు రశీదు ఎవరిచ్చారు? 2023 జూన్ 30న మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూమికి లక్షన్నర మంది గిరిజనులకు పట్టాలిచ్చింది. అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది. ఇవ్వాల్సిందే, ఇంకా ఇవ్వాల్సినవాళ్లు, ముఖ్యంగా వలసవచ్చిన గొత్తికోయలు, మిగిలే ఉన్నారు. దళితుల దరఖాస్తులు మాత్రం దస్త్రాల్లోనే ఉండిపోయాయి.

దళితులను ఆదివాసీల మీదికి ఉసిగొల్పడానికి ఈ చిక్కును వాడుకునేవాళ్లు ఈ ప్రాంతంలో కొత్త కాదు. కాబట్టి సూటిగా చెప్పాలి. దళిత కూలీ నోటి ముద్ద లాక్కున్నది కోయ రైతు కాదు. ఇద్దరి చేలోనూ డీలరు అప్పు ఒక్కటే, ఇద్దరి కాయకూ జెండా పాట ఒక్కటే. అడవి తగ్గిపోవడానికీ, ఎండలు ముదరడానికీ పోడే కారణమని చెప్పే అటవీ శాఖ ఉపన్యాసాల్లోనూ ఇద్దరూ ఒకే బోనులో నిలబడతారు. జొన్న, సామ, కంది కలిపి వేసే పాత పోడులో యూరియా గింజ పడేది కాదు. పోడులోకి నత్రజని ఎగువ నుంచి రాలేదు. మైదానపు మిర్చి, పత్తి మార్కెట్టు దాన్ని మోసుకొచ్చింది. మైదానపు చేల మీద లేచిన అమ్మోనియా గాలివాటున అడవి మీద పడి అక్కడా కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, తాలిపేరు, కిన్నెరసానిలోకి కారిన నైట్రేట్‌దీ అదే దారి. ఐపీసీసీ దీన్ని పరోక్ష ఉద్గారం అంటుంది.

మరి పరిష్కారాల పేరుతో వస్తున్నవేమిటి? ఒక్కొక్కటీ పాస్‌బుక్కు దగ్గర ఎలా ఆగిపోతుందో చూడండి.

2015 నుంచి యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి చేశారు. నత్రజని మెల్లగా విడుదలవుతుంది, మంచిదే, ఎవరి చేనన్న పట్టింపు దానికి లేదు. బహుశా అందుకే ఉన్నవాటిలో అది ఒక్కటే అందరికీ చేరింది. 2021లో వచ్చిన నానో యూరియా అర లీటరు సీసా ఒక కట్టకు బదులని ప్రచారం చేశారు. 4 శాతం నత్రజని ఉన్న ఆ సీసాలో ఉండేది 20 గ్రాములు, కట్టలో 20 కిలోలు. ఈ తేడా ఎలా పూడుతుందో మిర్చి రైతుకు ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. కట్టతో పాటు సీసా అంటగట్టడం మాత్రం డీలర్లకు బాగా వచ్చు.

అసలైన మందు బిందు సేద్యం. ఎరువును నీటిలో కలిపి కొంచెం కొంచెంగా వేరు దగ్గరికి పంపితే యూరియా బాగా తగ్గుతుంది, చేయి కాలదు, ఘాటు పీల్చే పని ఉండదు. తెలంగాణ సూక్ష్మ సేద్యం పథకంలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం రాయితీ ఉంది. కాగితం మీద ఇంతకంటే మంచి పథకం ఇంకోటి ఉండదు. కావలసిందల్లా పట్టాదారు పాస్‌బుక్కు, నీటి వసతి. నూటికి నూరు రాయితీ, నూటికి పది మందికి లేని భూమి మీద! 2014లో మూడెకరాల భూమి అన్నారు, కొద్దిమందికి ఇచ్చి ఆపేశారు. 2021లో దళిత బంధు వచ్చింది, ఖమ్మం జిల్లా చింతకాని మండలాన్ని మొదటి విడతలోనే ఎంపిక చేశారు. 10 లక్షలతో ట్రాక్టరు, కారు, దుకాణం కొనుక్కోవచ్చు. భూమి మాట అందులో లేదు.

2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ స్వచ్ఛంద కార్బన్ మార్కెట్టుకు విధివిధానాలు ప్రకటించింది. యూరియా తగ్గించిన చేనుకు కార్బన్ క్రెడిట్, దానికి డబ్బు. పరిశోధకులుగా మా చుట్టూ దీని గురించి ఉత్సాహంగా మాట్లాడుకునేవాళ్లు చాలామంది. మాకు ఒకటే భయం. క్రెడిట్ భూమి రికార్డుకు అతుక్కుంటుంది. కౌలుదారు యూరియా తగ్గించి, దిగుబడి తగ్గే ప్రమాదాన్ని తను భరించి, పొదుపు చేసిన వాయువుకు చెక్కు హైదరాబాద్‌లోని ఆసామికి వస్తుంది. రైతుబంధు 2018 నుంచి అచ్చంగా ఇలాగే నడిచింది. 2023 ఎన్నికల్లో కౌలుదారుకు ఎకరాకు 15 వేలు అన్న హామీ వినిపించింది. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా ఏడాదికి 12 వేలు పట్టాదారుకే పోతోంది.

సహజ సేద్యం సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మన మిత్రులకు ఇష్టమైన జవాబు. యూరియా రాకముందు నత్రజని ఎక్కడి నుంచి వచ్చేది? పెంటకుప్పల నుంచి. ఆ పెంట ఎత్తిందెవరు, గంపల్లో నెత్తిన పెట్టుకుని చేలకు మోసిందెవరు? ఇంట్లోకి రానివ్వని ఆడవాళ్లు. ఆవు మూత్రం, పేడ పవిత్రమని వేదికల మీద చెప్పేవాళ్లు వాటిని ఎత్తే చేతుల గురించి మాట్లాడరు. యూరియా కట్ట ఆ గంపను కొంత దించింది. దించినదాన్ని మళ్లీ అదే నెత్తిన పెట్టే సహజ సేద్యం మాకు అక్కరలేదు. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించి, దిగుబడులు పడిపోయాక నవంబరులో వెనక్కి తగ్గింది. ఆ దెబ్బ తగిలినవాళ్లలో తేయాకు తోటల మలయహ తమిళ కూలీలున్నారు. వాళ్ల పూర్వీకులను బ్రిటిష్ వాళ్లు తమిళనాడు నుంచి తరలించారు, వాళ్లలో అణగారిన కులాలవాళ్లు ఎందరో. ఆకు తగ్గితే కిలోల లెక్కన వచ్చే వాళ్ల సంపాదనే తగ్గింది. నిషేధం అధ్యక్షుడిది, నష్టం కోసేవాళ్లది.

అయినా దారి లేదనడం లేదు. ఈ జిల్లాలోనే ఒక ఊరుంది. పాల్వంచ మండలం పూనుకుల. పత్తి, మిర్చి మీద పురుగుమందుల అప్పుతో కుంగిపోయిన ఆ ఊరు, సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడుతో, 2003 నాటికి రసాయన పురుగుమందులు మానేశామని ప్రకటించుకుంది. అక్కడ పని చేసింది ఉపన్యాసం కాదు. పురుగుమందు మానగానే డీలరు అప్పు తెగింది. వేప గింజల పొడి, కషాయాలు ఊళ్లోనే తయారై ఆడవాళ్ల సంఘాలకు ఆదాయమయ్యాయి. ఆ నమూనాను ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే మహిళా సంఘాల ద్వారా వేల ఊళ్లకు తీసుకుపోయింది. గమనించాల్సింది ఏమిటంటే పూనుకుల వదిలింది పురుగుమందును, యూరియాను కాదు. అప్పు తెగిన చోట మనిషి ప్రయోగం చేయగలడు, ముందు పురుగుమందు మీద, తర్వాత యూరియా మీద.

ఇంకోటి జహీరాబాద్ వైపు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళల్లో ఎక్కువమంది దళితులు. బీడు భూములను సంఘంగా పట్టి, చిరుధాన్యాలు, పప్పులు కలిపి రసాయనాలు లేకుండా పండిస్తున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. కంది, పెసర వేళ్లే గాలిలోని నత్రజనిని పట్టి మట్టిలో పెడతాయి, దానికి కట్ట అక్కరలేదు. అక్కడి ఎర్రనేలల మెట్ట పంట వేరు, గోదావరి ఒడ్డు నల్లరేగడి మిర్చి వేరు, దాన్ని ఇక్కడ అలాగే దించలేం. పెంట మోసిన కులాల ఆడవాళ్లే అక్కడ విత్తనం, పంట నిర్ణయిస్తున్నారు. భూమి చేతిలో ఉంది కాబట్టి.

మిర్చి చేలలో యూరియా తగ్గించడానికి వేరే కొత్త చట్టమేమీ కనిపెట్టనక్కరలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన అధీకృత సాగుదారుల చట్టం ఉంది. కౌలుదారుకు గుర్తింపు కార్డు, దానిమీద రుణం, బీమా. తెలంగాణ వచ్చాక దాన్ని పక్కన పెట్టేశారు. మైదాన మండలాల్లో ఆ కార్డులు మళ్లీ ఇవ్వాలి, బిందు సేద్యం రాయితీని, రేపు వచ్చే కార్బన్ డబ్బును ఆ కార్డుకు కట్టాలి. దళిత కౌలు సంఘాలకు మూడేళ్లకు తగ్గని కౌలు ఉండాలి, పచ్చిరొట్ట విత్తిన మనిషే దాని ఫలం తినడానికి. ఏజెన్సీలో ఆ కార్డు ఆదివాసీ భూమిలోకి దొడ్డిదారి కాకూడదు. అక్కడ చేయాల్సింది 1/70 అమలు, బినామీ మిర్చి కౌళ్ల లెక్క తీయడం, గ్రామసభలో దళితుల అటవీ హక్కు దరఖాస్తులను నోటి సాక్ష్యంతోనైనా విచారించడం. చట్టం నియమాల్లోనే పెద్దల వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుందని ఉంది, అడిగేవాళ్లు లేక అది పడి ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. వచ్చే సీజన్లో మీ ఊరి సహకార సంఘం ముందు వరుస కట్టినప్పుడు మూడు కాలాల పట్టిక గీయండి: కట్ట ఎవరి పేరున, చేను ఎవరు చేస్తున్నారు, చల్లింది ఎవరు. పేర్లు అక్కరలేదు, కులం, కౌలు, కూలి చాలు. మేము ఖమ్మం, చింతకాని, పాల్వంచ, చర్ల వైపు మొదలుపెట్టాం. ఖాళీ సంచుల లెక్కతో సహా.